మార్పిడి చేసిన మూత్రపిండము చిరకాలము మన్నుట ఎట్లు?

వరినారు నాటిన సాయంకాలము ఇల్లు చేరిన రైతు, పంట చేతికి వచ్చినదని చెప్పడు. నారు వేరు పట్టవలెను. నీరు వేళకు అందవలెను. కలుపు తీయవలెను. తెగులు తగిలినదేమో యని మడి మడియు తిరిగి చూచుకొనవలెను. నాటుట ఒక దినపు పని. కాపాడుట పైరుకాలమంతయు సాగు పని.

ఒకరి మూత్రపిండమును మరియొకరి శరీరమున అమర్చు శస్త్రచికిత్సయు ఇట్టిదే. అది కొన్ని గంటలలో ముగియును. చిక్కులేమియు లేనిచో రోగి కొలది దినములలోనే ఇల్లు చేరును. బంధువులు వచ్చి చూచి, గండము గడచినదని సంతోషింతురు. ఆ సంతోషము న్యాయమైనదే. కాని ఆ మూత్రపిండము అయిదేండ్లు పనిచేయునా, ఇరువది యేండ్లు పనిచేయునా అను ప్రశ్నకు సమాధానము చాలవరకు ఆ తరువాతి దినములలోనే యున్నది. ఆ ఆయుర్దాయమును పెంచునవి ఏవి, తగ్గించునవి ఏవి, అందు మన చేతిలో నున్నవి ఏవి అను సంగతులను రోగులకును, వారి ఇంటివారికిని తెలియజేయుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మూత్రపిండములు చేయు పని

ఆరోగ్యవంతుని శరీరమున వెన్నెముకకు ఇరుప్రక్కల రెండు మూత్రపిండములు గలవు. ఒక్కొక్కటి పిడికిలి యంత యుండును. బరువు సుమారు 150 గ్రాములు. ఈ రెండును కలిసి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టును. అందులో శరీరమునకు కావలసిన దానినంతయు తిరిగి రక్తమునకు చేర్చి, ఒకటి రెండు లీటర్లను మాత్రము మూత్రముగా వెలుపలికి పంపును. రక్తపోటును అదుపునందుంచుట, రక్తము వృద్ధియగుటకు తోడ్పడుట, ఎముకలకు బలము నిచ్చు విటమిన్ డిని పని చేయు రూపమునకు మార్చుట కూడ వీని విధులే.

మధుమేహము వలనను, రక్తపోటు వలనను, మరికొన్ని వ్యాధుల వలనను ఈ అవయవములు పూర్తిగా చెడినప్పుడు మనుష్యుడు జీవించుటకు రెండు మార్గములున్నవి. మొదటిది డయాలిసిస్ అను రక్తశుద్ధి. యంత్రసహాయమున సాధారణముగా వారమునకు మూడు సార్లు, ప్రతిసారియు సుమారు నాలుగు గంటలు ఇది జరుగును. ఇది ప్రాణమును నిలుపును గాని మూత్రపిండము చేయు పనిలో కొంత భాగమును మాత్రమే చేయగలదు. రెండవది మూత్రపిండ మార్పిడి. తగిన రోగులకు రెండవ మార్గమే ఎక్కువ ఆయువును, ఎక్కువ స్వేచ్ఛను ఇచ్చునని దీర్ఘకాలపు అనుభవము తెలుపుచున్నది.

చెడిన మూత్రపిండములను సాధారణముగా తీసివేయరు. కొత్తదానిని పొత్తికడుపున ఒక ప్రక్క అమర్చుదురు. సరిగా పనిచేయు మూత్రపిండము ఒక్కటి యున్నను శరీరమునకు చాలును.

ఒక కవల సోదరుని కథ

1954వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున డాక్టర్ జోసెఫ్ మర్రే బృందము రోనాల్డ్ హెరిక్ అను యువకుని మూత్రపిండమును తీసి, అతని కవల సోదరుడగు రిచర్డ్ హెరిక్‌కు అమర్చెను. వారిద్దరును ఒకే పిండమునుండి జనించిన కవలలగుటచే రిచర్డు శరీరము ఆ అవయవమును పరాయిదిగా భావింపలేదు. చిరకాలము ఫలించిన మార్పిడులలో ఇదియే మొదటిది. మర్రే పండితునకు 1990లో నోబెల్ బహుమానము లభించెను.

ఈ కథలో మనము గమనింపదగిన అంశములు రెండు గలవు. రిచర్డు ఎనిమిదేండ్లు జీవించి 1963లో మరణించెను. శరీరము తిరస్కరింపకున్నను, మొదట అతని మూత్రపిండములను పాడుచేసిన వ్యాధియే కొత్తదానిని కూడ పట్టెను. శస్త్రచికిత్స జయప్రదమైనంత మాత్రమున ఆయుర్దాయము నిశ్చయము కాదని దీనివలన తెలియుచున్నది. ఇక మూత్రపిండము నిచ్చిన రోనాల్డు ఒక్క మూత్రపిండముతోనే మరి 56 ఏండ్లు జీవించి, 2010లో 79వ యేట మరణించెను.

కవలలు కాని వారికి మార్పిడి చేయుటకు, శరీరపు తిరస్కారమును అణచు మందులు కావలసి వచ్చెను. 1960వ దశకపు తొలినాళ్లలో అజాథయోప్రిన్, 1980వ దశకమున సైక్లోస్పోరిన్, తరువాత టాక్రోలిమస్, మైకోఫెనొలేట్ వాడుకలోనికి వచ్చెను. మన దేశమున 1971లో వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో మూత్రపిండ మార్పిడి ఫలప్రదమయ్యెను. నాటినుండి నేటివరకు ఈ చికిత్స దేశమంతట వ్యాపించినది.

నేడు మంచి ఆసుపత్రులలో మార్పిడి పొందిన వారిలో నూటికి తొంబది మందికి పైగా మొదటి సంవత్సరాంతమున కొత్త మూత్రపిండము పనిచేయుచునే యుండును. జీవించియున్న దాత ఇచ్చినది సామాన్యముగా పదునైదు, ఇరువది యేండ్లు, మరణించిన దాతనుండి గ్రహించినది పది, పదునైదేండ్లు పనిచేయునని అంచనా. ఇవి సగటు లెక్కలు మాత్రమే. ముప్పది యేండ్లు దాటి పనిచేసినవియు గలవు. రెండేండ్లకే చెడినవియు గలవు. ఈ తేడాకు కారణములను ఇప్పుడు విచారింతము.

శస్త్రచికిత్సనాటికే నిర్ణయమగు కారణములు

కొన్ని కారణములు రోగి ఇల్లు చేరుటకు ముందే నిర్ణయమగును. వానిలో మొదటిది దాత. జీవించియున్న ఆరోగ్యవంతుని మూత్రపిండము ఎక్కువ కాలము మన్నును. దాత వయస్సు, రక్తపోటు, మధుమేహము మున్నగునవి కూడ లెక్కకు వచ్చును. మరణించిన దాతనుండి తీసిన అవయవమును మంచుచల్లదనమున భద్రపరచి తెత్తురు. ఆ నిరీక్షణకాలము ఎంత తక్కువయైన అంత మేలు. కాలము మించిన కొలదియు అది వెంటనే పనిచేయకపోవు భయము పెరుగును. అందుచేతనే అవయవమును తరలించునప్పుడు పోలీసువారు దారి విడిపించి వాహనమును వేగముగా పంపుట మనము చూచుచున్నాము.

రెండవది పొందిక. ప్రతి మనుష్యుని కణములమీద హెచ్.ఎల్.ఏ. అని పిలువబడు గుర్తులుండును. శరీరము తనవారిని, పరులను గుర్తించుట వీనిచేతనే. తలిదండ్రులకును బిడ్డకును ఈ గుర్తులలో సగము కలియును. తోడబుట్టిన వారిలో ఇద్దరికి అన్నియు కలియుటకు నాలుగింట ఒక వంతు అవకాశము గలదు. పొందిక ఎక్కువయైన కొలదియు ఫలితము మేలు. గుర్తులు కలియని భార్యాభర్తల నడుమ జరిగిన మార్పిడులును నేటి మందుల బలమున చక్కగా ఫలించుచున్నవి.

మూడవది డయాలిసిస్ మీద గడచిన కాలము. ఏండ్ల తరబడి దానిమీద నున్న వారికంటె, త్వరగా మార్పిడి పొందిన వారికి ఫలితము మేలుగా నుండును. కావున మూత్రపిండములు చెడుచున్నవని వైద్యుడు చెప్పిన నాడే మార్పిడిని గూర్చి విచారించుట మంచిది.

నాలుగవది మొదటి వ్యాధి. రిచర్డునకు జరిగినట్లే కొన్ని వ్యాధులు కొత్త మూత్రపిండమును కూడ పట్టును. ఏ వ్యాధివలన మూత్రపిండములు చెడినవో తెలిసినచో వైద్యుడు ముందుగానే కనిపెట్టి యుండగలడు. పాత చీటీలను, పరీక్షల ఫలితములను పారవేయక దాచుకొనుట ఇందులకే.

శరీరము ఏల తిరస్కరించును?

మన రక్తమునందలి తెల్లకణములు ఊరి కావలివారి వంటివి. పరాయి దేది ప్రవేశించినను ఎదిరించుట వాని ధర్మము. క్రిమి వచ్చినను ఎదిరించును. ప్రాణము నిలుపుటకై అమర్చిన మూత్రపిండమును చూచినను ఎదిరించును. మేలు కీడుల భేదము వానికి తెలియదు. ఎన్ని యేండ్లు గడచినను ఆ అవయవము పరాయిదే యను సంగతిని శరీరము పూర్తిగా మరువదు. చాలమంది రోగులు పొరబడునది ఇచ్చటనే. పదేండ్లు కలిసి యున్నదిగదా, ఇక తనదైపోయినదని వారు తలంతురు. శరీరము అట్లు తలంపదు.

తిరస్కారము రెండు రీతుల వచ్చును. ఒకటి కొలది దినములలో చెలరేగునది. ఇది మొదటి నెలలలో ఎక్కువ. ఐనను ఎప్పుడైనను రావచ్చును. త్వరగా గుర్తించినచో ఎక్కువమందిలో మందులతో దీనిని అణపవచ్చును. రెండవది మెల్లగా నడచునది. శరీరము కొత్త మూత్రపిండమునకు వ్యతిరేకముగా ప్రతిరక్షకములను తయారుచేయును. అవి నెలల తరబడి, ఏండ్ల తరబడి దాని సన్నని రక్తనాళములను పాడుచేయును. నొప్పి యుండదు, జ్వరముండదు. బయటపడునప్పటికి నష్టము చాలవరకు జరిగిపోయి యుండును. దీనికి తృప్తికరమైన చికిత్స నేటికిని లేదు. రాకుండ చూచుకొనుటయే మార్గము.

వేళ తప్పని మందు

రాకుండ చూచుకొనుటకు ముఖ్యసాధనము మందు. సామాన్యముగా టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, ప్రెడ్నిసొలోన్ అను మూడింటిని కలిపి ఇత్తురు. టాక్రోలిమస్‌ను వాడుకలో నున్న సాధారణ రూపమున పండ్రెండు గంటల కొకసారి పుచ్చుకొనవలెను. రక్తములో దీని పరిమాణము ఒక సన్నని గీతపై నడువవలసి యుండును. తగ్గినచో తిరస్కారము, మించినచో ఆ మందే మూత్రపిండమునకు హాని. అందుచే ఉదయపు మాత్ర వేసికొనుటకు ముందు రక్తము తీసి ఆ పరిమాణమును కొలుతురు. పరీక్షకు పోవు దినమున మాత్రను వేసికొనక వెంట తీసికొనిపోయి, రక్తమిచ్చిన పిమ్మట వేసికొనవలెను.

ఇచ్చట ఒక ఉదాహరణము చెప్పుకొందము. ఇది ఏ ఒక్కరి కథయు కాదు. మూత్రపిండ వైద్యులు పలుచోట్ల పలుమారులు చూచునట్టిది. ఇరువది నాలుగేండ్ల యువకునకు తల్లి తన మూత్రపిండము నిచ్చెను. రెండేండ్లు గడచెను. అతడు ఉద్యోగమున చేరెను. ముఖమున కళ వచ్చెను. సంబంధములును వచ్చుచుండెను. మొదట పెండ్లిండ్లలో, ప్రయాణములలో సాయంకాలపు మాత్ర తప్పెను. తరువాత ఒక నెల చేతిలో డబ్బు చాలక మూడు వారములు మందే కొనలేదు. ఏమియు కాలేదు. ఒంట్లో సుఖముగానే యుండెను. అందుచే మందు అంత అవసరము లేదేమో యను భ్రమ కలిగెను.

ఎనిమిది నెలల తరువాత కాళ్లు వాచెను. రక్తములో 1.2 ఉండవలసిన క్రియాటినిన్ 2.8కి చేరెను. మూత్రపిండమునుండి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించగా, ప్రతిరక్షకములు చేసిన గాయములు కనబడెను.

“మందులు మానినావా నాయనా?” అని తల్లి అడిగెను.

“బాగానే ఉంది కదా అనుకున్నానమ్మా” అని అతడు తల వంచుకొనెను.

ఆ తల్లి వద్ద ఇచ్చుటకు రెండవ మూత్రపిండము లేదు.

ఈ యువకుడు చెడ్డవాడు కాడు; అజాగ్రత్తపరుడును కాడు. మందు వలననే సుఖముగా నున్నానని తెలిసికొనుటకు బదులు, సుఖముగా నున్నాను గనుక మందు అక్కరలేదని తలచెను. కౌమారము దాటి యౌవనమున అడుగుపెట్టు వయస్సులో మూత్రపిండము పోగొట్టుకొనువారు ఎక్కువయని అనేక దేశముల అనుభవము. అంతవరకు తల్లిదండ్రులు మాత్రలు చేతికిత్తురు. తరువాత చదువు, ఉద్యోగము, స్నేహితులు, మందువలన ముఖము ఉబ్బినదను సిగ్గు, ఇవన్నియు అడ్డు వచ్చును. ఇట్టివారిని కోపించుటవలన ప్రయోజనము లేదు. మాత్ర మానిన వాడు భయమున దానిని దాచును. దాచినచో వైద్యుడు కారణము తెలియక తికమక పడును. ఎన్ని దినములు మానినది ఉన్నదున్నట్లు చెప్పుటయే రోగి చేయవలసిన పని. చెప్పించుకొనునంత చనువు ఇచ్చుటయే ఇంటివారును, వైద్యులును చేయవలసిన పని.

ఒక పూట మరచినచో ఏమి చేయవలెనో వైద్యుని ముందుగానే అడిగి వ్రాసికొనవలెను. మరచిన దానికి బదులుగా మరుపూట రెండింతలు వేసికొనరాదు. మందు ఇంక వారము దినములకు మాత్రమే యున్నదనగానే కొనవలెను. దుకాణదారుడు వేరొక కంపెనీ మాత్ర ఇచ్చినచో వైద్యునకు తెలుపక మార్చుకొనరాదు. మార్పు జరిగినచో రక్తపరీక్ష అవసరము కావచ్చును.

మందుకు మందే శత్రువగుట

టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ అను మందులు కాలేయమున విరుగును. ఆ పనిని వేగిరపరచు మందులు కొన్ని, మందగింపజేయునవి కొన్ని గలవు. క్షయవ్యాధికి ఇచ్చు రిఫాంపిసిన్ వానిని త్వరగా విరుగగొట్టును. రక్తములో పరిమాణము పడిపోవును. ఫ్లూకోనజోల్, క్లారిత్రోమైసిన్ వంటివి విరుగనీయవు. పరిమాణము ప్రమాదకరముగా పెరుగును. కావున ఏ చిన్న జబ్బునకు ఏ వైద్యుని వద్దకు పోయినను, నాకు మూత్రపిండ మార్పిడి జరిగినదని మొదటి మాటగా చెప్పవలెను.

ఒళ్లు నొప్పులకు, మోకాళ్ల నొప్పులకు దుకాణమున అడిగి కొను డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వంటి మాత్రలు మూత్రపిండమునకు హాని చేయును. వానిని వైద్యుని అనుమతి లేక వేసికొనరాదు. ఏమి కలిసియున్నదో తెలియని చూర్ణములు, భస్మములు, కషాయములు కూడ కూడవు. పండ్లలో పంపరపనసను, దాని జాతికి చెందిన గ్రేప్‌ఫ్రూట్‌ను విడువవలెను. ఇవి మందు పరిమాణమును పెంచగలవు. విరేచనములు పట్టినప్పుడు కూడ టాక్రోలిమస్ పరిమాణము పెరుగవచ్చును. శరీరము ఎండిపోయి మూత్రపిండము దెబ్బతినవచ్చును. ఒక దినము చూతమని ఊరకుండక ఆసుపత్రికి తెలుపవలెను.

అంటురోగముల భయము

కావలివారిని నిద్రపుచ్చి యుంచినచో దొంగలు వచ్చు భయము తప్పదు. మార్పిడి జరిగినవారికి మొదటి సంవత్సరమున, ముఖ్యముగా మొదటి ఆరు నెలలలో, అంటురోగములు ఎక్కువగా వచ్చును. మన దేశమున క్షయ సామాన్యము. చాలమంది శరీరములలో నిద్రించుచున్న క్షయక్రిమి ఈ సమయమున మేల్కొనవచ్చును. రెండు వారములు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట కనబడినచో వెంటనే పరీక్షింపవలెను. సైటోమెగలో వైరస్ అనునది జ్వరమును, విరేచనములను కలిగించి కొత్త మూత్రపిండమునకు ఎసరు పెట్టగలదు. బి.కె. వైరస్ అనునది ఆరోగ్యవంతులలో ఎట్టి బాధయు కలిగింపక ఉండి, మార్పిడి జరిగినవారి మూత్రపిండమును మాత్రము లోపలనే పాడుచేయును. దీనికి ముఖ్యచికిత్స వైద్యుడు తిరస్కార నిరోధక మందులను తగ్గించుటయే. అందుచే మందు ఎక్కువైన కొలది మేలని భావింపరాదు; ఎక్కువ తక్కువలను నిర్ణయించువాడు వైద్యుడే.

ఇంటిలో పాటింపదగిన నియమములు కష్టమైనవి కావు. నీటిని కాచి చల్లార్చి త్రాగవలెను. వీధిలో కోసి యుంచిన పండ్లు, కాచని పాలు, ఉడకని గ్రుడ్లు, మాంసము విడువవలెను. దోమతెర వాడవలెను. మట్టిపని, పేడపని చేయునప్పుడు చేతి తొడుగులు, పాదరక్షలు ధరింపవలెను. పావురముల రెట్ట ఎత్తు పని పెట్టుకొనరాదు. జలుబు, దగ్గు, ఆటలమ్మ ఉన్నవారికి దూరముగా నుండవలెను. టీకాలలో చంపిన క్రిమితో చేసినవి మంచివే. సజీవ క్రిమితో చేసినవి కూడవు. సాధ్యమైనంతవరకు టీకాలన్నియు శస్త్రచికిత్సకు ముందే ముగించుకొనుట ఉత్తమము. జ్వరము 100.4 డిగ్రీలకు చేరినచో తెల్లవారువరకు ఆగరాదు.

రక్తపోటు, మధుమేహము, గుండె

మార్పిడి జరిగినవారిలో పలువురు, మూత్రపిండము చక్కగా పనిచేయుచుండగనే, గుండెజబ్బుతో మరణించుచున్నారు. ఇది ఎక్కువమందికి తెలియని సంగతి. రక్తపోటు 130కి 80 లోపల నుండునట్లు చూచుకొనుట మంచిదని వైద్యులు చెప్పుదురు. ఇంటిలో రక్తపోటు కొలుచు పరికరముంచుకొని, చూచిన అంకెలను ఒక పుస్తకమున వ్రాసికొనవలెను.

ప్రెడ్నిసొలోన్, టాక్రోలిమస్ మందులవలన అంతకుముందు లేని మధుమేహము క్రొత్తగా రావచ్చును. ప్రెడ్నిసొలోన్ ఆకలిని కూడ పెంచును. డయాలిసిస్ కాలమున పథ్యములతో విసిగినవారు, ఇప్పుడు అన్నియు తినవచ్చునను సంతోషమున బరువు పెరుగుదురు. ఆవకాయ, అప్పడము, ఉప్పుచేప రుచికి కొంచెము తప్ప కూడవు. దినమునకు ఉప్పు 5 గ్రాములు మించకుండుట మేలు. వైద్యుడు సమ్మతించిన పిమ్మట దినమునకు అరగంట నడచుట గుండెకు, ఎముకలకు, మనస్సునకు కూడ మంచిది. పొగాకును ఏ రూపమునను తాకరాదు. అది గుండెను, మూత్రపిండమును రెండింటిని చెరచును. తిరస్కార నిరోధక మందులవలన కొన్ని పుట్టకురుపుల భయమును హెచ్చియుండును గనుక, మానని పుండు, క్రొత్త గడ్డ, రూపు మారిన మచ్చ కనబడినచో చూపించుకొనవలెను.

పరీక్ష ఏల?

మూత్రపిండము మూగది. మూడింట ఒక వంతు శక్తి తగ్గినను రోగికి ఏమియు తెలియదు. దాని మాటను మనకు వినిపించునది రక్తములోని క్రియాటినిన్, మూత్రములోని మాంసకృత్తు. మొదటి వారములలో పరీక్షలు మిక్కిలి తరచుగా జరుగును. తరువాత నెలకొకసారి, సంవత్సరము దాటిన పిమ్మట రెండు మూడు నెలల కొకసారి జరుగును. ఒక్క అంకె ఎంత యని కాక, పోయినసారికంటె ఎంత మారినదని చూచుట ముఖ్యము. ఎప్పుడును 1.1 ఉండువానికి 1.5 వచ్చినచో అది చిన్న సంగతి కాదు. మూత్రము తగ్గుట, కాళ్లు ముఖము వాచుట, ఒక దినమున కిలో మించి బరువు పెరుగుట, కొత్త మూత్రపిండమున్న చోట నొప్పి కలుగుట, ఇవి కనబడినచో తదుపరి తేదీకై ఎదురుచూడరాదు.

సంతానము, దాత, ఖర్చు

మూత్రపిండ మార్పిడి జరిగిన స్త్రీలు బిడ్డలను కనవచ్చును. కాని కనీసము ఒక సంవత్సరము ఆగి, మూత్రపిండము నిలకడగా నున్నదని తెలిసిన పిమ్మటనే తలపెట్టవలెను. మైకోఫెనొలేట్ గర్భస్థ శిశువునకు హాని చేయును గనుక, గర్భము ధరించుటకు కనీసము ఆరు వారములు ముందే వైద్యుడు దానిని మార్చవలెను. రోగి తనంత తాను మానరాదు.

ఇక దాత. మన దేశమున జీవించియుండి మూత్రపిండము నిచ్చువారిలో స్త్రీలే అధికము. పుచ్చుకొనువారిలో పురుషులే అధికము. ఇచ్చిన తల్లిని, ఇల్లాలిని ఇల్లు చేరగానే మరచుట తగదు. ఆమెకును ప్రతి సంవత్సరము రక్తపోటు, మూత్రము, క్రియాటినిన్ పరీక్షింపవలెను. రోగితోబాటు ఆమెను కూడ ఆసుపత్రికి తీసికొనిపోవుట అలవాటు చేసికొన్నచో ఇది సులభము.

అవయవములను కొనుట, అమ్ముట 1994వ సంవత్సరపు మానవ అవయవ మార్పిడి చట్టము ప్రకారము నేరము. ఈ చట్టమును 2011లో సవరించి, తాత, అవ్వ, మనుమలను కూడ సమీప బంధువులలో చేర్చిరి. ఇద్దరు రోగుల బంధువులు పరస్పరము దానము మార్చుకొనుటకును వీలు కల్పించిరి. జీవన్మృతులైన వారి అవయవదానమునకై తెలుగునాట 2013లో జీవన్‌దాన్ అను పథకము ప్రారంభమయ్యెను. దళారుల మూలమున రహస్యముగా జరుగు మార్పిడులలో దాత ఆరోగ్యమును సరిగా పరీక్షించువారుండరు, అంటురోగములు సంక్రమించును, తరువాత బాధ్యత వహించువారును ఉండరు. ధనమును, మూత్రపిండమును, ఒక్కొక్కప్పుడు ప్రాణమును కూడ పోవును.

ఖర్చును గూర్చి దాచవలసినది లేదు. శస్త్రచికిత్సకు ఏదో విధముగా ధనము కూడబెట్టిన కుటుంబములు, ప్రతి నెలయు మందులకు కావలసిన దానిని ముందుగా లెక్కింపకపోవుటచే మూడవ యేట, నాలుగవ యేట చతికిలబడుచున్నవి. కావున శస్త్రచికిత్సకు ఒప్పుకొనుటకు ముందే, తరువాతి మందులకు, పరీక్షలకు నెలకెంత యగునో, ప్రభుత్వ ఆరోగ్య పథకముల సహాయము ఎంతవరకు లభించునో ఆసుపత్రిలో అడిగి తెలిసికొనవలెను. డబ్బు చాలని నెలలో మాత్ర మానుటకంటె, చాలలేదని వైద్యునితో చెప్పుట మేలు. తక్కువ వెలకు దొరకు మందును నిర్ణయించుటకు ఆయన ప్రయత్నించును. సిగ్గుపడి ఊరకున్నచో ఆయనకు తెలియదు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. మాత్రను ప్రతిదినము ఒకే వేళకు వేసికొనవలెను. సుఖముగా నున్నను మానరాదు.

2. పరీక్ష తేదీని పండుగ తేదీ వలె గుర్తుంచుకొనవలెను.

3. ఇతర మందులు, నొప్పి మాత్రలు, చూర్ణములు అడుగకుండ వాడరాదు.

4. జ్వరము, విరేచనములు, వాపు, మూత్రము తగ్గుట కనబడినచో ఆ దినముననే వైద్యునకు తెలుపవలెను.

5. రక్తపోటు, చక్కెర, బరువు అదుపునందుంచుకొనవలెను. పొగాకు విడువవలెను.

6. మందు తప్పినచో దాచక చెప్పవలెను.

ఇన్నియు పాటించినను ఒక్కొక్కప్పుడు మూత్రపిండము చెడవచ్చును. అది రోగి దోషము కానక్కరలేదు. అప్పుడును డయాలిసిస్ గలదు. తగినవారికి రెండవ మార్పిడియు గలదు. కాని పాటింపనందువలన చెడిన మూత్రపిండములు ఆసుపత్రులలో కనబడుచునే యున్నవి. వానిలో ప్రతిదియు ఒక తల్లియో, తోబుట్టువో, భార్యయో, ముఖమెరుగని ఒక మృతుని కుటుంబమో ఇచ్చినది. ఈ సాయంకాలము మాత్ర వేళయైనప్పుడు దానిని స్మరించినచో చాలును.